ఒకే పేరు, నలుగురు స్త్రీలు: ‘మిజ్ మార్వెల్’ చిత్రకథా పరంపర – ఒక పరిశీలన

చరిత్రలో పేర్లు రెండు విధాలుగా కనిపిస్తాయి. మనిషితో పుట్టి మనిషితోనే ముగిసేవి కొన్ని. ఒకరి తరువాత ఒకరు ధరించే బిరుదులై, ధరించినవారికంటే ఎక్కువకాలం నిలిచేవి మరికొన్ని. గుప్త చక్రవర్తి రెండవ చంద్రగుప్తుని బిరుదైన ‘విక్రమాదిత్య’ నామం ఆ తరువాత బాదామి చాళుక్యులలోను, కల్యాణి చాళుక్యులలోను పలువురు రాజులకు అలంకారమైంది. కాకతీయ రుద్రమదేవి శాసనాలలో ‘రుద్రదేవ మహారాజు’గా కనిపిస్తుంది. పురుషులకే చెల్లుతుందనుకున్న పేరును ఒక స్త్రీ ధరించినప్పుడు ఆమె పాత అధికారాన్ని అందుకుంటున్నదా, లేక ఆ పేరుకే కొత్త అర్థాన్ని ఇస్తున్నదా అన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. ఈ ప్రశ్నను మన కాలంలో అత్యంత ఆసక్తికరంగా ముందుంచినది ఏ మహాకావ్యమూ కాదు. పిల్లల కాలక్షేపమని పెద్దలు పక్కన పెట్టే అమెరికన్ చిత్రకథ. మార్వెల్ సంస్థ ప్రచురించిన ‘మిజ్ మార్వెల్’ అనే వీరనామాన్ని 1977 నుండి నలుగురు వేర్వేరు స్త్రీ పాత్రలు ధరించాయి. వారిలో చివరిది కరాచీ నుండి వలసవెళ్ళిన కుటుంబంలో పుట్టిన పదహారేళ్ళ బాలిక కావడం వల్ల, ఈ పరంపర దక్షిణాసియా పాఠకులకు పరాయి విషయంగా మిగలలేదు.

పేరులోని తిరుగుబాటు

ఈ నామంలోని మొదటి పదమే ఒక చారిత్రక పత్రం వంటిది. ఆంగ్లంలో పురుషునికి ఒకే గౌరవవాచకం ఉండగా స్త్రీకి మాత్రం ‘మిస్’, ‘మిసెస్’ అని రెండు ఉండేవి. మన దరఖాస్తులలోని కుమారి, శ్రీమతి విభజన కూడా ఇటువంటిదే. మనిషిని సంబోధించడానికి ముందు ఆమెకు పెండ్లి అయినదీ లేనిదీ తెలుసుకోవాలన్న ఆచారం రెండుచోట్లా ఒకటే. వైవాహిక స్థితిని సూచించని ‘మిజ్’ అనే మాట ఇరవయ్యవ శతాబ్ది ఆరంభం నుండి అక్కడక్కడా వినిపిస్తున్నా, దానికి ప్రాచుర్యం కల్పించినది 1970 దశకపు మహిళా ఉద్యమం. గ్లోరియా స్టైనమ్ తదితరులు ఈ పేరుతోనే స్థాపించిన పత్రిక 1972లో స్వతంత్రంగా వెలువడనారంభించింది. అదే సంవత్సరం అమెరికా ప్రభుత్వ ముద్రణాలయం తన పత్రాలలో ఈ వాచకాన్ని అనుమతించింది. ఉద్యమం నినాదంగా మొదలైన మాట అయిదేళ్ళు తిరగకముందే ఒక వ్యాపార సంస్థ అట్టమీదికి ఎక్కింది. ఈ ప్రస్థానంలో విజయమూ ఉంది. సొమ్ము చేసుకోవడమూ ఉంది. మిజ్ మార్వెల్ చరిత్ర అంతటా ఈ రెండూ విడదీయరానివిగా సాగాయి.

మొదటి మిజ్ మార్వెల్ అయిన కేరల్ డాన్వర్స్ 1968లోనే రాయ్ థామస్, జీన్ కోలన్ సృష్టించిన ఒక ఉపపాత్రగా కనిపించింది. అప్పుడు ఆమె అంతరిక్ష ప్రయోగ కేంద్రపు భద్రతాధికారి. కథానాయకుడు కెప్టెన్ మార్వెల్. 1969 నాటి కథలో ఒక విస్ఫోటం నుండి అతడు ఆమెను కాపాడతాడు. ఆ విస్ఫోటమే ఆమెకు అతని శక్తులను అంటించిందని ఎనిమిదేళ్ళ తరువాత కథకులు వివరించారు. అంటే మొదటి మిజ్ మార్వెల్ శక్తి స్వయంసిద్ధం కాదు. ఒక పురుషుని నీడలో నిలబడినందువల్ల సంక్రమించినది. 1977 జనవరి సంచికతో ఆమె పేరిట వెలువడిన పత్రికను గెరీ కాన్వే రచించగా జాన్ బుసీమా బొమ్మలు గీశారు. మూడవ సంచిక నుండి రచనా బాధ్యత క్రిస్ క్లేర్‌మాంట్‌ది. అందులో కేరల్ ‘వుమన్’ అనే పత్రికకు సంపాదకురాలు. యజమాని జేమ్సన్ ఆ పత్రికలో వంటలు, ఫ్యాషన్లు, సన్నబడే ఆహారనియమాలు ఉండాలంటాడు. ఆమె అందుకు అంగీకరించదు. రాక్షసులతో జరిగే పోరాటాలకంటే కార్యాలయపు గదిలోని ఈ వాదన ఇప్పటికీ సజీవంగా ఉంది.

అయితే కథనం ఈ ధైర్యాన్ని నిలుపుకోలేకపోయింది. తొలి సంచికలలో కేరల్, మిజ్ మార్వెల్ ఒకే శరీరంలో ఉన్నా పరస్పరం ఎరుగని ఇద్దరు వ్యక్తులు. ఒకరు మేల్కొంటే రెండవవారికి స్మృతి తప్పుతుంది. ఉద్యోగం చేసే స్త్రీ, శక్తిమంతురాలైన స్త్రీ ఒకరే కావడాన్ని ఊహించడానికి రచయితలు సంకోచించారనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. ఇక ఆమె దుస్తులు మొదట కెప్టెన్ మార్వెల్ వేషానికి అనుకరణ. ఆ మగవాని శరీరం పూర్తిగా కప్పబడి ఉండగా ఈమె నడుము మాత్రం బయటపడింది. 1978లో వచ్చిన నల్లని కొత్త వేషం కాళ్ళను వదిలివేసింది. పేరులో సమానత్వం, బొమ్మలో ప్రదర్శన అన్న ఈ వైరుధ్యం మూడు దశాబ్దాలకు పైగా కొనసాగింది.

1979లో ఆమె పత్రిక 23 సంచికలతో నిలిచిపోయింది. 1980లో వెలువడిన ‘అవెంజర్స్’ 200వ సంచిక ఈ పరంపరలోని అత్యంత బాధాకరమైన ఘట్టం. అందులో కేరల్ తనకు తెలియకుండానే గర్భవతి అవుతుంది. ఆమె మనస్సును యంత్రసహాయంతో ప్రభావితం చేసిన వ్యక్తితోనే ఆమె వెళ్ళిపోతుంది. సహచరులైన వీరులు దానిని ప్రేమకథగా భావించి సంతోషంగా సాగనంపుతారు. బలాత్కారాన్ని అనురాగంగా చిత్రించిన ఈ కథను పాఠకులలో కొందరు అప్పుడే నిరసించారు. మరుసటి సంవత్సరం క్లేర్‌మాంట్ వ్రాసిన వార్షిక సంచికలో కేరల్ తిరిగివచ్చి, తనకు అండగా నిలవవలసినవారు ఏ విధంగా విఫలులైనారో వారి ముఖానే అడుగుతుంది. ఒక పాత్ర తన పాత రచయితలపై ఫిర్యాదు చేయడం సాహిత్యంలో అరుదు. కాని ఆ కథలోనే ‘రోగ్’ అనే పాత్ర ఆమె శక్తులను, జ్ఞాపకాలను అపహరిస్తుంది. న్యాయం జరిగిన పుటలలోనే ఆమె తన పేరును కూడా కోల్పోయింది.

ఖాళీ అయిన పేరు

ఈ విధంగా ఖాళీ అయిన నామం 1980 దశకం మధ్యలో షారన్ వెంటూరా అనే పాత్రకు సంక్రమించింది. ఆమె కొంతకాలం ‘ఫెంటాస్టిక్ ఫోర్’ బృందంలో చేరి, విశ్వకిరణాల ప్రభావంతో రాతిశరీరం గల వికృతరూపిణిగా మారుతుంది. మూడవ వ్యక్తి కార్లా సోఫెన్. 2009లో దుష్టపాత్ర అయిన నార్మన్ ఆస్బర్న్ తన నకిలీ వీరుల దళాన్ని కూర్చుకున్నప్పుడు, ప్రజలను నమ్మించడానికి ఈమెకు మిజ్ మార్వెల్ వేషం తొడిగాడు. వృత్తిరీత్యా ఆమె మానసిక వైద్యురాలు, స్వభావరీత్యా వంచకురాలు. ఈ ఇద్దరినీ అభిమానులు సైతం అంతగా తలచుకోరు. అయినా విమర్శకునికి వీరు అవసరం. పేరును ఎవరికి తగిలించినా అది చెల్లుబాటు అవుతుందన్న ప్రచురణకర్తల విశ్వాసాన్ని షారన్ కథ తెలుపుతుంది. ప్రజలు గౌరవించేది మనిషినా, వేషాన్నా అన్న ప్రశ్నను కార్లా కథ అడుగుతుంది. రెండవదానికి రాజకీయ చరిత్రలో ఎన్నో ఉదాహరణలున్నాయి.

పోటీ సంస్థ అయిన డీసీ ప్రచురించిన ‘బ్యాట్‌గర్ల్’ పరంపరను పోల్చి చూస్తే ఒక పోలిక స్పష్టమవుతుంది. 1961లో బెట్టీ కేన్, 1967లో బార్బరా గోర్డన్, 1999లో కసాండ్రా కేన్, 2009లో స్టెఫనీ బ్రౌన్ ఆ నామాన్ని ధరించారు. 1988 నాటి ఒక కథలో బార్బరాను దుష్టుడు కాల్చి నడవలేని స్థితికి తెచ్చాడు. ఆ గాయపు ఉద్దేశం కథానాయకుణ్ణి, ఆమె తండ్రిని బాధపెట్టడమే. ఒక వీరపురుషుని నామం చేతులు మారడానికి సాధారణంగా వీరమరణమో, వృద్ధాప్యమో, స్వచ్ఛంద విరమణో కారణమవుతుంది. వీరవనితల నామం మాత్రం తరచుగా అవమానం వల్లనో అంగవైకల్యం వల్లనో ఖాళీ అవుతూ వచ్చింది. వారసత్వం ఏ విధంగా సంక్రమించిందన్నదే ఆ వారసత్వపు విలువను నిర్ణయిస్తుంది. ఈ దృష్టితో చూసినప్పుడే 2012లో జరిగిన మార్పు ప్రాముఖ్యం అర్థమవుతుంది.

ఆ సంవత్సరం రచయిత్రి కెల్లీ స్యూ డెకానిక్ కేరల్ డాన్వర్స్‌కు ‘కెప్టెన్ మార్వెల్’ పదవిని కట్టబెట్టింది. జేమీ మెకెల్వీ రూపొందించిన కొత్త వేషం వైమానికదళ అధికారిణికి తగినట్లుగా మెడ నుండి పాదాల వరకు ఉన్నది. ఉపపాత్రగా పుట్టిన స్త్రీ నాయకుని పేరుకు ఎదిగింది. ఆమె వదలిన పేరు ఎవరి పతనం వల్లనో కాక, ఒక పదోన్నతి వల్ల ఖాళీ అయింది. అయితే ఇక్కడొక విస్మృతిని కూడా పేర్కొనక తప్పదు. మార్వెల్ కథలలో కెప్టెన్ మార్వెల్ నామాన్ని ధరించిన మొదటి స్త్రీ కేరల్ కాదు. 1982లోనే న్యూ ఆర్లియన్స్‌కు చెందిన నల్లజాతి అధికారిణి మోనికా రాంబో ఆ పేరుతో ప్రవేశించి, కొంతకాలం అవెంజర్స్ బృందానికి నాయకత్వం కూడా వహించింది. 1990 దశకంలో మొదటి కెప్టెన్ కుమారుని కోసం ఆమె ఆ పేరును వదులుకున్నది. తరువాత పెట్టుకున్న ‘ఫోటాన్’ అనే పేరును కూడా అతడే తీసుకున్నాడు. పేర్ల పంపకంలో న్యాయం అందరికీ సమానంగా అందలేదన్నది కాదనలేని సత్యం.

ఇందులో వ్యాపార కారణం కూడా ఉంది. ‘కెప్టెన్ మార్వెల్’ అనే పేరును మొదట 1940లో ఫాసెట్ సంస్థ ఉపయోగించింది. డీసీ పూర్వసంస్థతో సాగిన దావా ఫలితంగా ఆ సంస్థ 1953లో దానిని విరమించుకున్నది. 1967లో మార్వెల్ సంస్థ అదే పేరుతో కొత్త పాత్రను సృష్టించి హక్కును సంపాదించింది. వాణిజ్య చిహ్నం వాడుకలో ఉంటేనే నిలుస్తుంది. కనుక కథలో వీరుడు మరణించినా చట్టంలో పేరు మరణించరాదు. మన రాజవంశాలలో బిరుదును కాపాడినది శాసనం. ఇక్కడ కాపాడుతున్నది న్యాయవాది.

కమలా ఖాన్

2013లో కొద్దిగా కనిపించి, 2014 ఫిబ్రవరిలో సొంత పత్రికతో వెలువడిన కమలా ఖాన్ నాలుగవ మిజ్ మార్వెల్. న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ సంతతి సంపాదకురాలు సనా అమానత్ తన బాల్యానుభవాలను సహసంపాదకుడు స్టీఫెన్ వాకర్‌తో ముచ్చటించినప్పుడు ఈ ఆలోచన పుట్టింది. ఇస్లాం స్వీకరించిన అమెరికన్ రచయిత్రి జి. విలో విల్సన్ కథను, కెనడా చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా బొమ్మలను సమకూర్చారు. మొదటి సంపుటికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది.

కమల జెర్సీ సిటీలో ఉంటుంది. హడ్సన్ నదికి అవతల వీరులందరూ విహరించే మన్‌హట్టన్ మిలమిలలాడుతుంటే ఇవతలి ఒడ్డున ఆమె వారి కథలు వ్రాసుకుంటూ కాలం గడుపుతుంది. తండ్రి యూసుఫ్ బ్యాంకు ఉద్యోగి. తల్లి మునీబాకు కూతురి భద్రతే లోకం. అన్న ఆమిర్‌కు దైవచింతన ఎక్కువ. ఒక రాత్రి ఇంట చెప్పకుండా విందుకు వెళ్ళి తిరిగివస్తున్న కమలను వింత పొగమంచు చుట్టుముడుతుంది. ఆ మైకంలో ఆమె ఆరాధ్యదేవత కేరల్ డాన్వర్స్ సాక్షాత్కరించి మాట్లాడుతుంది. ఆ దేవత నోట వినిపించేది అమీర్ ఖుస్రో వసంతగీతం. ఢిల్లీలో నిజాముద్దీన్ ఔలియా దర్గా వద్ద నేటికీ వసంతోత్సవంలో పాడుకునే ఆ గీతాన్ని అమెరికన్ వీరవనిత ఆలపించడం ఈ రచనలోని అత్యుత్తమ కల్పన. మనిషి ఏ దేశపు దేవతను కలగన్నా, ఆ దేవత మాట్లాడేది మాత్రం ఇంట విన్న భాషలోనే.

కేరల్ వలె కావాలన్న కోరిక తీరి, కమల తెల్లని మేనితో, బంగారు జుట్టుతో, పాత నల్లని వేషంతో మేల్కొంటుంది. కోరిన వరమే ఇబ్బందిగా పరిణమిస్తుంది. ఆ దుస్తులు ఒరుసుకుపోతాయి. జుట్టు ముఖాన పడుతుంది. తనను పలుమార్లు చిన్నబుచ్చిన సహాధ్యాయిని నీటిలో మునిగిపోతుండగా, తండ్రి నేర్పిన ఖురాన్ బోధ గుర్తుకువచ్చి ఆమెను రక్షించినప్పుడు కూడా కమల కేరల్ రూపంలోనే ఉంటుంది. రక్షించేవారు ఆ రూపంలోనే ఉంటారని లోకం అనుకుంటుందని ఆమె నమ్మకం. 1977 నుండి పాఠకులు మోహంతో చూసిన వేషాన్ని, దానిని ధరించవలసి వచ్చిన బాలిక కోణం నుండి చూపడం ద్వారా విల్సన్ సంస్థ గతచరిత్రపై తీర్పు చెప్పింది. ఉపన్యాసమేదీ ఇవ్వలేదు, ఒరుసుకుపోయిన చర్మమే చాలింది. తరువాత కమల తన సొంత రూపానికి తిరిగివచ్చి, శరీరాన్ని కప్పే ఈత దుస్తును మార్చి వేషం కుట్టుకుంటుంది. మెడచుట్టూ ఎర్రని వస్త్రం మొదటి మిజ్ మార్వెల్‌ను, దుపట్టాను ఏకకాలంలో స్ఫురింపజేస్తుంది.

కమలకు ఆ పేరును ఎవరూ అప్పగించలేదన్నది మరొక ముఖ్యాంశం. ఆమె ఎవరి అనుమతి లేకుండా తీసుకున్నది. కేరల్‌ను ఆమె ముఖాముఖి కలుసుకున్నది 2015లో మాత్రమే. అభిమానమే ఇక్కడ వారసత్వ పత్రం. ఇక ఆమె సొంత పేరు సంగతి. తెలుగు పాఠకునికి ‘కమల’ అనగానే తామరపూవు, లక్ష్మీదేవి తలపునకు వస్తాయి. ఉర్దూలో ‘కమాల్’ అంటే పరిపూర్ణత, అద్భుతం. హైదరాబాదు వీధులలో మెప్పుకోలుగా వినిపించే మాట అదే. ఆంగ్లంలో ‘మార్వెల్’ అన్నా అద్భుతమే. ఆ పేరు మొదటినుండి తనదేనని ఆ బాలికకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఈ రచన ముస్లిం సమాజాన్ని మచ్చలేనిదిగా చిత్రించదు. మసీదులో స్త్రీలను పక్క తలుపు నుండి పంపి తెరచాటున కూర్చోబెట్టడాన్ని కమల, ఆమె స్నేహితురాలు నకియా ప్రశ్నిస్తారు. అయితే ఆ మసీదు షేక్ అబ్దుల్లా కథలో ప్రతినాయకుడు కాడు. ఆమె చేస్తున్నదేమిటో పూర్తిగా తెలియకపోయినా, చేసే పనిని ధైర్యంతో, నిజాయితీతో, దయతో చేయమని హితవు చెబుతాడు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర బస్సులపై ఇస్లాం వ్యతిరేక ప్రకటనలు వెలసినప్పుడు, కొందరు వాటిపై కమలా ఖాన్ బొమ్మలు అతికించారు. కాగితంపై కల్పించిన రక్షకురాలికి వీధిలో ఒక పని లభించడం విశేషం.

వారసురాలి తీర్పు

2016 నాటి సంచికలు ఈ పరంపరకు శిఖరం. జరగబోయే నేరాలను ముందే దర్శించగల ఒకని మాట ఆధారంగా, ఇంకా ఏ నేరమూ చేయనివారిని నిర్బంధించడానికి కేరల్ పూనుకుంటుంది. కమలను ఆ పనికి నియోగిస్తుంది. మొదట గర్వంతో అంగీకరించిన కమల, ఆ నిర్బంధాలు తన స్నేహితుల దాకా వచ్చినప్పుడు ఆరాధ్యమూర్తిని ఎదిరిస్తుంది. నివారక నిర్బంధం భారత ఉపఖండానికి కొత్త కాదు. మన రాజ్యాంగం 22వ అధికరణంలో దానిని అనుమతిస్తూనే కొన్ని రక్షణలను విధించవలసి వచ్చింది. భద్రత పేరిట ఎంతవరకు వెళ్ళవచ్చునన్న చర్చ పరిపాలనారంగంలో ఉన్నవారికి నిత్యపరిచితం. చిత్రకథ ఆ చర్చను ఒక బాలిక హృదయభంగంగా మార్చి చెప్పగలిగింది. పేరును గౌరవించడమంటే, ఆ పేరును మునుపు మోసినవారిని సమర్థించడం కాదన్నది ఈ ఘట్టపు సారం.

ఈ కథ నడుమనే రచయిత్రి 1947లోకి వెళుతుంది. దేశవిభజన సమయంలో బొంబాయి విడిచి కరాచీకి బయలుదేరిన కమల పూర్వీకుల వృత్తాంతం కనిపిస్తుంది. సింధీ హిందువులు కరాచీ విడిచి బొంబాయికి చేరుకున్న రోజులు కూడా అవే. ఇరువైపులా కోటిమందికి పైగా నిరాశ్రయులైన ఆ విషాదాన్ని మార్వెల్ చిత్రకథ స్మరించడం చిన్న విషయం కాదు. కేరల్‌తో విడిపోయిన కమల అదే సంవత్సరం చివరలో కరాచీ వెళ్ళి, అక్కడ కూడా తాను పూర్తిగా ఇమడనని గ్రహిస్తుంది. అమెరికాలో ఆమె పాకిస్తానీ, పాకిస్తాన్‌లో అమెరికన్.

2022లో వెలువడిన టెలివిజన్ ధారావాహికలో ఇమాన్ వెల్లాని కమలగా నటించింది. అందులో విభజన నాటి రైలుస్టేషను దృశ్యాలకు షర్మీన్ ఒబైద్ చినాయ్ దర్శకత్వం వహించింది. జనసమ్మర్దంలో తప్పిపోయిన పసిబిడ్డ, పిలుపులు, సామాను మూటలు చూసేవారిని కదిలిస్తాయి. కాని ఆ బిడ్డను తండ్రి వద్దకు చేర్చేది భవిష్యత్తు నుండి వచ్చిన మనుమరాలు, ఆమె చేతి కంకణపు మహిమ. విభజనలో తప్పిపోయిన వేలాది బిడ్డలకు అటువంటి కంకణం లభించలేదు. చరిత్ర చేసిన గాయాన్ని అద్భుతంతో మాన్పడం ఈ కళారూపపు స్వభావం. దాని పరిమితి కూడా అదే. 2023 నాటి చలనచిత్రం ‘ది మార్వెల్స్’ కేరల్, మోనికా, కమలలను ఒక్కచోట చేర్చింది. శక్తిని ఉపయోగించిన ప్రతిసారీ వారు ఒకరి స్థానంలోకి ఒకరు మారిపోతుంటారు. వ్యాపారపరంగా అది విఫలమైనా, పేరును పంచుకోవడమనే భావానికి అంతకంటే సూటి రూపకం దొరకదు.

అదే 2023లో స్పైడర్‌మాన్ పత్రికలో కమల మరణించింది. తన సొంత పత్రికలో కాక, మరొకరి పత్రికలో, మరొకరి దుఃఖానికి కారణంగా ఆమె ప్రాణం తీశారు. రెండు నెలలైనా గడవకముందే మ్యూటెంట్‌గా పునర్జీవితురాలైంది. చలనచిత్రపు కమలకు, పుటలలోని కమలకు పొత్తు కుదరడానికి ఈ మరణం ఉపకరించింది. పునర్జీవితం తరువాతి కథల రచనలో ఇమాన్ వెల్లాని స్వయంగా పాలుపంచుకోవడం కొంత ఊరట. అయినా 1980లో కేరల్‌కు జరిగిన అన్యాయాన్ని ఎరిగినవారికి ఈ ఘటన కలవరం కలిగించక మానదు. నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఈ నామం ధరించిన స్త్రీ జీవన్మరణాలు ఆమె కథ వెలుపలే నిర్ణయమవుతున్నాయి.

మొత్తం మీద, మిజ్ మార్వెల్ అనే పేరు నలుగురి చేతులు మారి ఏమి సాధించింది? యజమాని మారలేదు, ఆ పేరు నేటికీ ఒక సంస్థ ఆస్తి. మారినది దానిలోని అర్థం. మొదటి ధారిణికి అది పురుషుని నుండి సంక్రమించిన శక్తి. రెండవ ఆమెకు భారం. మూడవ ఆమెకు ముసుగు. నాలుగవ ఆమెకు ఎంపిక. వేషం మార్చుకుని కమలా ఖాన్ తన సొంత ముఖంతో జెర్సీ సిటీ వీధిలోకి అడుగుపెట్టినప్పుడు, ఆ పేరు మొదటిసారిగా దానిని ధరించిన మనిషి కొలతకు సరిపోయింది. చట్టరీత్యా పేరు ఎవరిదైనా, పాఠకుల జ్ఞాపకంలో అది దానిని అర్హతతో మోసినవారికే చెందుతుంది. రుద్రదేవ మహారాజన్న పేరును శాసనాలు భద్రపరచాయి; ప్రజలు మాత్రం రుద్రమనే తలచుకుంటున్నారు.